లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిల్, 3 మి.లీ. మందు: ఇంత చిన్న కొలతలు సరిగ్గా కొలవడం ఎలా?

రంపంపొట్టు:

అందరికీ నమస్కారం. నా దగ్గర 45 సీసీ టూ స్ట్రోక్ చెయిన్ సా ఒకటి ఉంది. దానితో వచ్చిన పుస్తకంలో 50:1 అని, అంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలపమని రాశారు. నాకు నెలలో రెండు మూడు రోజులకు మించి రంపంతో పని పడదు కాబట్టి ఒకసారికి లీటరు కంటే ఎక్కువ కలపను. మిగిలిన పెట్రోలు నిల్వలో పాడవకుండా స్టెబిలైజర్ మందు కూడా పోస్తాను. ఆ సీసా మీద 10 లీటర్లకు 30 మి.లీ. అని మాత్రమే ఉంది, కనుక నా లీటరుకు 3 మి.లీ. అవుతుంది.

ఇంతకాలం ఆయిల్‌ను సీసా మూతతోనే కొలిచాను. మూత లోపల 10 మి.లీ. గీత ఒకటి ఉంటుంది, రెండు మూతలు పోస్తే లెక్క సరిపోతుందని అనుకున్నాను. స్టెబిలైజర్‌ను మాత్రం కంటి అంచనాతోనే పోసేవాణ్ణి. ఈమధ్య పొగ బాగా ఎక్కువైంది, సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారుతోంది, ప్లగ్గు విప్పి చూస్తే తడిగా, మసి పట్టి ఉంది.

ఇక ఉజ్జాయింపులు మానేద్దామని ఇంట్లో ఉన్న 20 మి.లీ. సిరంజితో కొలిచాను. మొదటి రోజు బాగానే పనిచేసింది. జిడ్డు వదులుతుందని దానిని పెట్రోలుతో కడిగి పెట్టాను. మరునాటికి లోపలి రబ్బరు ఉబ్బిపోయి, ఎంత నొక్కినా దిగలేదు. రెండు చేతులతో బలంగా నొక్కేసరికి ఒక్కసారిగా జారి, ఉన్న ఆయిల్ అంతా నా చొక్కా మీద పడింది. గొట్టం మీది అంకెలు కూడా సగం చెరిగిపోయాయి. 20 మి.లీ., 3 మి.లీ. వంటి కొలతలను నమ్మకంగా, ప్రతిసారీ ఒకేలా కొలవడానికి మీరు ఏ పద్ధతి వాడుతున్నారో చెప్పగలరా?

పాతమెకానిక్:

ముందుగా ఎంత కచ్చితత్వం అవసరమో తేల్చుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది. 20 మి.లీ. బదులు 19 పడితే నిష్పత్తి సుమారు 52.6:1 అవుతుంది, 21 పడితే 47.6:1 అవుతుంది. ఈ రెండింటినీ మీ ఇంజన్ పట్టించుకోదు. అయితే తప్పు రెండు వైపులా ఒకటే కాదు. ఆయిల్ బాగా తగ్గితే పిస్టన్ గీరుకుపోయి సిలిండర్‌లో పట్టేస్తుంది, అది ఒకసారి జరిగితే చాలు. ఆయిల్ ఎక్కువైతే పొగ, మసి, ప్లగ్గు తడవడం వంటివి నెమ్మదిగా వస్తాయి. అందుకే అనుమానం ఉన్నప్పుడు మేము ఒక చుక్క ఎక్కువ వైపే మొగ్గుతాము.

అలాగని ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం కూడా పొరపాటే. కార్బొరేటర్ జెట్టు గుండా పోయే ద్రవంలో ఆయిల్ ఆక్రమించిన మేరకు పెట్రోలు తగ్గుతుంది, అంటే గాలితో కలిసే పెట్రోలు కొద్దిగా పలచబడుతుంది. ఆయిల్ పెంచిన వారు కొందరు ఇంజన్ మరింత వేడెక్కుతోందని చెప్పడానికి కారణం ఇదే.

గాజుకొలత:

నేను ప్రయోగశాలలో పనిచేస్తాను. రంపంపొట్టు గారికి ఎదురైన మూడు సమస్యలకూ కారణాలు వేరువేరు కాబట్టి విడివిడిగా చెబుతాను.

మొదటిది రబ్బరు. సాధారణ సిరంజి ముషలకం (లోపలికి నొక్కే కడ్డీ) కొనకు ఉండే నల్లటి రబ్బరు నీటిలో కరిగే మందుల కోసం ఉద్దేశించినది. సహజ రబ్బరు గానీ, దానిని పోలిన కృత్రిమ రబ్బరు గానీ పెట్రోలును పీల్చుకుని ఉబ్బుతుంది. రబ్బరు లేకుండా రెండే భాగాలతో, పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసే సిరంజీలు దొరుకుతాయి, అవి ఈ పనికి చాలా మేలు. గాజు సిరంజి అయితే ఇంకా మంచిది. ప్లాస్టిక్కుల్లో పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ కొలత జరిగేంతసేపు బాగానే తట్టుకుంటాయి. గాజులా నిగనిగలాడే పారదర్శకమైన పాలీస్టైరీన్ కప్పులు మాత్రం పెట్రోలు తగిలితే మెత్తబడి, పగిలిపోతాయి. అచ్చు వేసిన అంకెలు చెరిగిపోతాయి, కాబట్టి పాత్రలోనే పోతపోసిన గీతలు గానీ, గాజు మీద చెక్కిన గీతలు గానీ ఉన్నవి ఎంచుకోండి.

రెండవది గీతను చదవడం. పాత్రను చేత్తో ఎత్తి పట్టుకోకుండా సమతలం మీద పెట్టి, కన్ను ద్రవమట్టానికి సమానంగా వచ్చేలా వంగి చూడాలి. ద్రవం గోడల దగ్గర కాస్త పైకి పాకి నడుమ పల్లంగా ఉంటుంది, ఆ పల్లం అడుగు గీతను తాకాలి. సిరంజిలో అయితే రబ్బరు కొన మీది శంకువు మొనను చూసి చదవకూడదు. గొట్టం గోడను తాకే మొదటి వలయాన్ని, అంటే ముక్కుకు దగ్గరగా ఉన్న అంచును చూడాలి.

మూడవది, అందరూ వదిలేసేది. కొలపాత్రలు రెండు రకాలు. కొన్నింటిలో గీత వరకు నింపితే లోపల ఉన్నది అంత పరిమాణం అని అర్థం, వాటి మీద సాధారణంగా 'ఇన్' అని ఉంటుంది. కొన్నింటిలో బయటికి వచ్చినది అంత పరిమాణం అని అర్థం, వాటి మీద 'ఎక్స్' అని ఉంటుంది. కొలత గాజు సిలిండర్లు చాలావరకు మొదటి రకం. వాటిలో 20 మి.లీ. ఆయిల్ పోసి వంచితే గోడలకు అంటుకున్నది లోపలే ఉండిపోతుంది, కనుక డబ్బాలో పోసే పెట్రోలులోనే కొంత తీసుకుని సిలిండర్‌ను రెండుసార్లు కడిగి, ఆ కడుగును కూడా డబ్బాలోనే పోయాలి. సిరంజికి ఈ సూత్రం తిరగబడుతుంది. అది బయటికి నెట్టినదే కొలిచేలా గీసిన పరికరం. ముక్కులో మిగిలే ద్రవం ఆ లెక్కలో లేదు. దానిని కూడా పెట్రోలుతో కడిగి పోస్తే కొలత కంటే ఎక్కువ వేసినట్లే. 20 మి.లీ. దగ్గర అది లెక్కలోకి రాదు గానీ, అర మి.లీ. మందు కొలిచేటప్పుడు తప్పక వస్తుంది.

రంపంపొట్టు:

గాజుకొలత గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మూడవ విషయం నాకు అసలు తెలియదు. నేను సిలిండర్‌ను కడగకూడదు, సిరంజిని కడగాలి అని సరిగ్గా తలకిందులుగా అనుకున్నాను. 25 మి.లీ. గాజు సిలిండర్ తెప్పిస్తున్నాను. పెట్రోలుతో కడగకుండా, ఆయిల్ పూర్తిగా కారేవరకు వంచి పట్టుకుంటే సరిపోదా?

గాజుకొలత:

ఎంతసేపు పట్టుకుంటారన్న దానిని బట్టి, ఆనాటి వేడిని బట్టి ఫలితం మారుతుంది. చల్లటి ఉదయం చిక్కబడిన ఆయిల్ ఒక నిమిషం వంచినా గోడల మీద నుంచి దిగదు. కడగడమే మేలు.

తూకంరాయి:

గీతల గొడవంతా వదిలేసి తూకం వేయండి అన్నది నా సలహా. 0.1 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఉంటే చాలు. టూ టీ ఆయిల్ సాంద్రత సాధారణంగా మి.లీ.కు 0.86 నుంచి 0.89 గ్రాముల మధ్య ఉంటుంది, ఆయిల్ తయారీదారు ఇచ్చే వివర పత్రంలో కచ్చితమైన అంకె దొరుకుతుంది. 0.87 అనుకుంటే 20 మి.లీ. అంటే 17.4 గ్రాములు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఖాళీ కప్పును త్రాసు మీద పెట్టి అందులో ఆయిల్ తూచకండి, అలా చేస్తే కప్పుకు అంటుకునే ఆయిల్ సమస్య మళ్ళీ మొదటికే వస్తుంది. ఆయిల్ సీసానే త్రాసు మీద పెట్టి బరువు చూడండి, సీసా నుంచి డబ్బాలోకి నేరుగా పోయండి, మళ్ళీ సీసాను తూచండి. తగ్గిన బరువే డబ్బాలోకి వెళ్ళిన ఆయిల్. సీసా గోడకు అంటుకున్నది సీసాతోపాటే తూకానికి వచ్చింది కాబట్టి దాని గురించి ఆలోచించే పని లేదు. గరాటు వాడితే మాత్రం గరాటుకు అంటుకున్నదాన్ని తర్వాత పోసే పెట్రోలే కడిగేస్తుంది, కనుక ఆయిల్ ముందు, పెట్రోలు వెనుక పోయండి.

తూకంలో ఇంకో లాభం ఏమిటంటే, ఎండ వేడికి ద్రవాల పరిమాణం పెరుగుతుంది గానీ బరువు పెరగదు. పెట్రోలు డిగ్రీకి ఇంచుమించు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది, 20 డిగ్రీల తేడాకు దాదాపు 2 శాతం అవుతుంది. 50:1 కలిపేవారికి ఇది పెద్ద విషయం కాదన్నది నిజమే, కానీ తూకం వేసేవారికి అసలు విషయమే కాదు.

గాజుకొలత:

తూకంరాయి గారి పద్ధతి నాకు నచ్చింది, నిజానికి మేమూ చిక్కటి ద్రవాలను అలాగే కొలుస్తాము. రెండు జాగ్రత్తలు మాత్రం చేర్చాలి. ఒకటి, తూచేది ఆయిల్‌నూ మందునూ మాత్రమే, పెట్రోలును కాదు. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిప్పంటుకునేంత ఆవిరిని వదులుతుంది, ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి బల్ల మీద, నేల మీద పాకుతుంది. బ్యాటరీతో నడిచే మామూలు త్రాసును తెరిచిన పెట్రోలు డబ్బా పక్కన పెట్టకండి. దూరంగా తూచి తెచ్చి, డబ్బాలో పోసి, తిరిగి అక్కడికే వెళ్ళి తూచండి.

రెండవది, చౌకరకం త్రాసులలో సున్నాను తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. సున్నా దగ్గర ఉన్నప్పుడు మీరు చుక్క చుక్కగా వేస్తుంటే, ఆ చిన్న మార్పును తన తప్పుగా భావించి త్రాసు మింగేస్తుంది. పది చుక్కలు పడినా 0.0 అనే చూపిస్తుంది. సీసాను ఎత్తి, పోసి, తిరిగి పెట్టి చూసే పద్ధతిలో ఈ చిక్కు రాదు.

బుల్లిఇంజన్:

నేను బొమ్మ విమానాలకు వాడే 2.5 సీసీ డీజిల్ ఇంజన్లు నడుపుతాను. మాది ఇంకా సన్నటి లెక్క. మా ఇంధనంలో ఈథర్, కిరోసిన్, ఆముదం ఇంచుమించు సమాన భాగాలుగా ఉంటాయి, వాటికి తోడు త్వరగా మండేందుకు నైట్రేట్ జాతి మందు 1 నుంచి 2 శాతం వేస్తాము. నేను ఒకసారికి 100 మి.లీ. కలుపుతాను, అంటే మందు 1.5 మి.లీ. మాత్రమే. అది ఎక్కువైతే ఇంధనం ముందుగానే అంటుకుని ఇంజన్ కఠినంగా కొట్టుకుంటుంది, ఆ దెబ్బను క్రాంకు, కనెక్టింగ్ రాడ్ భరించవలసి వస్తుంది. మూత తీసి పీలిస్తే ఆ మందు తలనొప్పి కూడా తెస్తుంది, గాలి ఆడేచోట, నైట్రైల్ తొడుగులు వేసుకుని పోస్తాను.

మొదట్లో నేను చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. 20 చుక్కలు ఒక మి.లీ. అని ఎక్కడో చదివి 30 చుక్కలు వేసేవాణ్ణి, ఇంజన్ మందకొడిగా పట్టుకునేది. తర్వాత తెలిసింది, 20 చుక్కల లెక్క నీటికి సంబంధించినది. డ్రాపర్ కొన నుంచి ఊడిపడే చుక్క బరువు ఆ ద్రవం తలతన్యతను, అంటే పైపొర బిగువును బట్టి ఉంటుంది, నీటికి అది సుమారు 72 యూనిట్లు ఉంటే నూనెలకు 30 దగ్గర, పెట్రోలుకు 22 దగ్గర ఉంటుంది. అందుకే అదే డ్రాపర్‌తో నూనె చుక్కలు మి.లీ.కు 40 దాకా, పెట్రోలు చుక్కలు ఇంకా కొన్ని ఎక్కువే పడతాయి. నేను వేసిన 30 చుక్కలు ఒక మి.లీ. కూడా కాలేదన్నమాట.

ఇప్పుడు నేను చేసేది చిన్న కొలతను పెద్ద కొలతగా మార్చడం. 15 మి.లీ. మందును కిరోసిన్‌తో 150 మి.లీ. చేసి ఒక సీసాలో ఉంచుతాను, అందులో 15 మి.లీ. తీస్తే 1.5 మి.లీ. మందు వచ్చినట్లే. దానితో వచ్చే 13.5 మి.లీ. కిరోసిన్‌ను అసలు కిరోసిన్ లెక్కలో తగ్గిస్తాను. కొలతలో అర మి.లీ. తప్పినా మందులో తప్పేది 0.05 మి.లీ. మాత్రమే. ఈథర్‌ను అన్నిటికంటే చివర పోస్తాను, ఎందుకంటే అది 35 డిగ్రీల లోపే మరిగిపోతుంది కాబట్టి ముందు పోస్తే మిగతావి కొలిచేలోపే తరిగిపోతుంది.

రంపంపొట్టు గారి స్టెబిలైజర్‌కు కూడా ఇదే దారి పనికివస్తుంది.

పాతమెకానిక్:

చుక్కలు లెక్కపెట్టే ఓపిక నాకు లేదు గానీ, పలుచన చేసే పద్ధతి బాగుంది. నేను మరో గోతి గురించి హెచ్చరిస్తాను. అదే ఔన్సు.

పాత యంత్రాల పుస్తకాలలో గాలనుకు ఇన్ని ఔన్సులు అని ఉంటుంది. అమెరికా గాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలను 4.546 లీటర్లు. అమెరికా ద్రవ ఔన్సు 29.57 మి.లీ., బ్రిటిష్ ఔన్సు 28.41 మి.లీ. అమెరికా గాలనులో 128 ఔన్సులు, బ్రిటిష్ గాలనులో 160. ఒకసారి నేను ఒక పడవ ఇంజన్‌కు పుస్తకంలో అమెరికా గాలనుకు అని ఉన్న 2.6 ఔన్సులను బ్రిటిష్ గాలనుకు పోసి, 50:1 అనుకుంటూ 60:1 దాటిన మిశ్రమం వారం రోజులు వాడాను. ఇంజన్ పట్టేయలేదు, అది నా అదృష్టం. అప్పటి నుంచి ఏ పుస్తకంలోనిదైనా ముందు లీటరుకు మి.లీ. లోకి మార్చి, డబ్బా మీద పెయింటుతో రాస్తాను. 25:1 అంటే 40, 32:1 అంటే 31, 40:1 అంటే 25, 50:1 అంటే 20. ఇవి నాలుగూ వస్తే చాలావరకు పని గడుస్తుంది.

గాలను మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. పెట్రోలులో సీసం కలిపి అమ్మడం 1923లో మొదలైనప్పుడు, అమ్మకపు పంపుకే బిగించిన చిన్న పరికరం ఆ విషద్రవాన్ని పెట్రోలులో కలిపేది. ఆ తర్వాత కొన్నేళ్ళకే అమెరికాలో గాలనుకు 3 మి.లీ. మించకూడదని హద్దు పెట్టారు. లీటరుకు 0.8 మి.లీ. కూడా కాదు. మన స్టెబిలైజర్ కొలత దానికి నాలుగింతలు, అయినా మనం తంటాలు పడుతున్నాము.

జనరేటర్‌గది:

నేను పెద్ద డీజిల్ జనరేటర్ల నిర్వహణ చూస్తాను. మా దగ్గర కొలవవలసిన మందు చిన్నదేమీ కాదు, వందల మి.లీ.లలో ఉంటుంది. చిక్కంతా లెక్కలోనే వస్తుంది. డీజిల్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా వేసే మందు సీసాల మీద పీపీఎంలలో, అంటే పది లక్షలకు ఇన్ని వంతులు అని రాస్తారు. లీటరుకు 1 మి.లీ. అంటే 1000 పీపీఎం అని గుర్తుపెట్టుకుంటే మిగతాది సులభం. 1000 లీటర్లకు 200 పీపీఎం అంటే 200 మి.లీ. కానీ అది పరిమాణంలోనా, బరువులోనా అన్నది చూడాలి. బరువు లెక్క అయితే, 1000 లీటర్ల డీజిల్ సుమారు 830 కిలోలు, దానిలో 200 పీపీఎం 166 గ్రాములు. మందు నీటి కంటే కొంచెం బరువైనదైతే, మి.లీ.కు 1.05 గ్రాములనుకుంటే, అది 158 మి.లీ. మాత్రమే. 200కూ 158కీ తేడా సిరంజి గీతలు సరిచేసే తేడా కాదు.

అంతకంటే పెద్ద తప్పు ఒకటి నా చేతుల మీదుగా జరిగింది. మాది అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకు, 1000 లీటర్లది. కొలకర్ర దించితే ట్యాంకు ఎత్తులో నాలుగవ వంతు వరకు తడిసింది. 250 లీటర్లు అని లెక్కవేసి మందు పోశాను. కానీ గుండ్రటి ట్యాంకులో నాలుగవ వంతు ఎత్తుకు ఉండేది దాదాపు 19.5 శాతమే, అంటే 195 లీటర్లు. మందును గాజు సిలిండర్‌తో ఒక మి.లీ. తేడా రాకుండా కొలిచి, డీజిల్‌లో 55 లీటర్లు తప్పాను. మందు లెక్క కంటే 28 శాతం ఎక్కువైంది. ఆ ట్యాంకుకు ఇప్పుడు సెంటీమీటరు సెంటీమీటరుకూ లీటర్లు రాసిన పట్టిక ఒకటి తలుపుకు అంటించి ఉంది.

రంపంపొట్టు గారిని ఒక ప్రశ్న అడుగుతాను. మీ పెట్రోలు లీటరు నిజంగా లీటరేనా? దానిని దేనితో కొలుస్తున్నారు?

రంపంపొట్టు:

డబ్బా మీద '1 లీ.' అని ఉబ్బెత్తుగా పోతపోసిన గీత ఉంది. దాని వరకు నింపుతాను. దానిని అనుమానించాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

తూకంరాయి:

అయితే రేపే అనుమానించండి. డబ్బాను శుభ్రంగా ఆరబెట్టి, ఖాళీ బరువు చూసి, గీత వరకు నీళ్ళు పోసి మళ్ళీ తూచండి. 30 డిగ్రీల దగ్గర లీటరు నీరు 996 గ్రాములు. మూతనూ, సిలిండర్‌నూ ఇలాగే పరీక్షించవచ్చు, 10 మి.లీ. నీరు 10 గ్రాములకు ఇంచుమించు సమానంగా రావాలి. పని అయ్యాక ఒక్క చుక్క నీరు కూడా మిగలకుండా ఆరబెట్టడం మరచిపోకండి.

పెట్రోలును కొలవడానికి మన అందుబాటులో ఉన్న ఉత్తమ పరికరం బంకు మీటరే. చట్టబద్ధ కొలతల అంతర్జాతీయ సంస్థ (ఓఐఎంఎల్) సిఫారసు ఆర్ 117 ప్రకారం అటువంటి మీటర్లకు 0.5 తరగతి వర్తిస్తుంది, తేడా అర శాతం వరకే అనుమతి. అయితే ప్రతి మీటరుకూ ఒక కనిష్ఠ పరిమాణం ఉంటుంది, అంతకంటే తక్కువ పోయించుకుంటే ఆ భరోసా ఉండదు. వీలైతే 5 లీటర్లు ఒకేసారి డబ్బాలో పోయించుకుని, 100 మి.లీ. ఆయిల్ కలపడం కంటే సులువైన పద్ధతి లేదు. డబ్బాను నేల మీద పెట్టి పోయించుకోండి, బండిలో పరచిన ప్లాస్టిక్ షీటు మీద ఉంచి పోస్తే స్థిర విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది.

రంపంపొట్టు:

ఫలితాలు వచ్చాయి. ఉన్నవి ఉన్నట్లు రాస్తున్నాను.

డబ్బా గీత వరకు నీరు 877 గ్రాములు తూగింది, అంటే 0.88 లీటరు. నేను లీటరు అనుకుంటున్నది లీటరు కాదు. తర్వాత మూత. నేను ఇంతకాలం మూతను లోపలి గీత వరకు కాకుండా అంచు వరకు నింపుతున్నానని ఇప్పుడే గమనించాను, ఎందుకంటే ఆ గీత అంచుకు కొంచెం కింద, ఆయిల్ నీలిరంగులో కనిపించకుండా ఉంది. సీసాను ముందూ వెనుకా తూచి చూస్తే, అంచు వరకు నింపిన ఒక మూత నుంచి డబ్బాలోకి నిజంగా వెళ్ళినది, మిగిలిన ఆయిల్‌ను సీసాలోకే తిరిగి వంచాక, 10.3 గ్రాములు, అంటే 11.8 మి.లీ. రెండు మూతలకు 23.7 మి.లీ. దీన్ని 0.88 లీటరులో కలిపాను, అంటే లీటరుకు 27 మి.లీ. నేను 50:1 అనుకున్నది నిజానికి 37:1. రెండు తప్పులూ ఒకే వైపుకు పడ్డాయి.

స్టెబిలైజర్‌ను నా కంటి అంచనాతో మూడుసార్లు పోసి తూచాను, 4 నుంచి 9 మి.లీ. మధ్య వచ్చింది. దాని గురించి ఇంకేమీ చెప్పను.

పాతమెకానిక్:

మంచి పని చేశారు. కానీ 37:1కే ప్లగ్గు అంత తడవదు, పాత ఇంజన్లు 25:1తో ఏళ్ళ తరబడి నడిచాయి. గాలి ఫిల్టర్ విప్పి చూడండి. పొట్టుతో మూసుకుపోయి ఉంటే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, ఆ పైన మీ అదనపు ఆయిల్ చేరింది. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి.

బుల్లిఇంజన్:

స్టెబిలైజర్ సంగతి ఒకటి. మీకు ఆయిల్, స్టెబిలైజర్ ఎప్పుడూ కలిసే వెళతాయి కదా. 200 మి.లీ. ఆయిల్‌లో 30 మి.లీ. స్టెబిలైజర్ కలిపి ఒక సీసాలో ఉంచుకుంటే, లీటరుకు 23 మి.లీ. తీస్తే రెండూ సరిగ్గా వస్తాయి. 3 మి.లీ. కొలిచే పనే ఉండదు.

గాజుకొలత:

దీనికి నాకు అభ్యంతరం లేదు గానీ, నేరుగా 230 మి.లీ. కలపకండి. ముందు చిన్న గాజు సీసాలో 20 మి.లీ. ఆయిల్, 3 మి.లీ. మందు కలిపి, వారం రోజులు కదపకుండా ఉంచి చూడండి. పెట్రోలులో కలిసే మందులన్నీ ఆయిల్‌లో అదే తీరుగా కలిసి ఉంటాయని లేదు. మసకబారినా, అడుగున పొర ఏర్పడినా ఆ ఆలోచన వదిలేయండి. ఆయిల్‌లోనే స్టెబిలైజర్ కలిసి ఉందేమో కూడా దాని వివర పత్రంలో చూడండి, కొన్ని టూ టీ ఆయిల్‌లలో అది ముందే ఉంటుంది. సీసా మీద ఏమి ఉందో, ఏ రోజు కలిపారో, లీటరుకు ఎంతో రాసి అంటించండి. తాగే నీళ్ళ సీసాలో మాత్రం పోయకండి. కొలతకు వాడిన సిరంజి, కప్పు తిరిగి వంటింట్లోకి గానీ మందుల పెట్టెలోకి గానీ వెళ్ళకుండా ఎర్రరంగు పూయండి.

రంపంపొట్టు:

పాతమెకానిక్ గారు చెప్పింది నిజమే, ఫిల్టర్ చేత్తో తడితే పిడికెడు పొట్టు రాలింది. కడిగి ఆరబెట్టి బిగించాను.

డబ్బా మీద కొత్త గీత గీసుకున్నాను, 996 గ్రాముల నీరు పోసి ఆ మట్టం దగ్గర ఇనుప మేకుతో గీశాను. పాత '1 లీ.' గీత దానికి దాదాపు వేలు మందం కింద ఉంది. ఆయిల్‌ను సీసా తూచే పద్ధతిలోనే పోశాను, మొదటిసారి 17.4 బదులు 17.9 గ్రాములు పడింది, రెండోసారికి చెయ్యి కుదిరి 17.5 దగ్గర ఆగింది. స్టెబిలైజర్ కలిపిన చిన్న సీసా కిటికీ గట్టు మీద ఉంది. నాలుగు రోజులైంది, ఇప్పటివరకు తేటగానే ఉంది. ఇంకో మూడు రోజులు చూసి ఇక్కడే రాస్తాను.